టర్కీ తల రంగులు

మొన్న ఏప్రిల్లో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికొచ్చేసరికి మా డైనింగ్ టేబుల్ నిండా తూటాల పెట్టెలు పరిచి ఉన్నాయి. పప్పు గిన్నెను ఓ మూలకు నెట్టేసి నా కొడుకు నిఖిల్, మా నాన్న ఎదురెదురుగా కూర్చున్నారు. ఒక్కో తూటానూ అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తున్నారు. కుర్చీ వీపుకి ఆకుల రంగుల చొక్కా వేలాడుతోంది. కింద కార్పెట్ మీద ముఖానికి తొడుక్కునే వల, చేతి తొడుగులు, తడి నేల మీద వేసుక్కూర్చునే చిన్న మెత్త ఉన్నాయి. నాన్నకు ఎడమ కన్ను లేదు. ఉన్న కంటికి దగ్గరగా తూటాను పెట్టుకుని దాని మీది అంకె చదువుతున్నాడు. "ఐదో నంబరు చాలురా నిఖీ. నాలుగైతే గుళ్ళు పెద్దవి, తూటాలో తక్కువ పడతాయి. ఆరైతే మరీ సన్నం," అంటున్నాడు మనవడితో, పెళ్ళికి పట్టుచీరలు ఏరుతున్నంత సంబరంగా.

"నో తాతా, ఇది టంగ్‌స్టన్. సీసం కంటే హెవీ. గుళ్ళు సన్నవే కానీ ఇంకా దూరం కొడతాయి," అన్నాడు నిఖిల్.

వేట వాడికి కొత్త పిచ్చి. తుపాకి లైసెన్సు క్లాసులకు వెళ్ళాడు, పరీక్ష రాశాడు, వసంతకాలపు టర్కీ కోళ్ళ వేటకు సిద్ధమయ్యాడు. ఇరవై రెండేళ్ళవాడు, వాడిష్టం. నేను సంచి భుజం మీంచి దించకుండానే అడిగాను, "ఎవరితో వెళ్తున్నావు?" అని.

"గ్యారీతో. హీ ఆఫర్డ్, మామ్. ఆయనకు ఆ ప్లేస్ అంతా తెలుసు," అన్నాడు తలెత్తకుండా. నాన్నా తలెత్తలేదు. నిఖిల్ తలెత్తకపోవడానికి కారణం తూటాలు. నాన్న తలెత్తకపోవడానికి కారణం నేను.

మా నాన్న కన్ను పోగొట్టినవాడు ఆ గ్యారీయే.

ఈ సంగతి నిఖిల్‌కి తెలియదని కాదు. తాత చెప్పిన వరసలో తెలుసు. కాల్గరీలో మన తెలుగువాళ్ళు నలుగురు చేరిన చోటల్లా నాన్న ఆ కథ చెప్పేవాడు. "ఆడ టర్కీలా ఎంత బాగా కూశాననుకున్నారు! మా బాసు కూడా మోసపోయాడు," అని ముగించగానే అందరూ పొట్ట పట్టుకుని నవ్వేవారు. నేను ఆ ముగింపు వచ్చేలోపు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. అమ్మ అప్పటికే అక్కడుండేది. ఇద్దరం గోడ అవతల నవ్వు తగ్గేదాకా గిన్నెలు కాస్త గట్టిగా పెట్టేవాళ్ళం.

మేం ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. నాన్న, అమ్మ, నాయనమ్మ, నేను. కిటికీలు తలకంటే ఎత్తున ఉండేవి, చలికాలమంతా వాటిని మంచు మూసేసేది. నాయనమ్మకు ఆ ఇంట్లో పొద్దు తెలిసేది కాదు. అందుకని నాన్న బూట్ల చప్పుడుని బట్టి వేళ చెప్పేది. బూట్లు మెట్లెక్కితే పొద్దున, దిగితే సాయంత్రం. పోపు వేసే ముందు అమ్మ మా కోట్లన్నీ తీసుకెళ్ళి గరాజులో తగిలించి వచ్చేది. స్కూల్లో ఒకమ్మాయి నా కోటు వాసన చూసి ముక్కు మూసుకున్న రోజు నుంచి ఆ అలవాటు మొదలైంది. ఇంగువ వాసన ఇంట్లో మా ఒంటికి పట్టినా ఫరవాలేదు, బయటికి వేసుకెళ్ళే కోటుకి మాత్రం పట్టకూడదు. గరాజులో ఉన్న కోటు పొద్దున తొడుక్కుంటే ఐసు ముక్కను కప్పుకున్నట్టుండేది. వణుకుతూ బస్సెక్కేదాన్ని. ఎవరి కోసం వణికానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నాన్న ఒక నూనె కంపెనీలో ఇంజనీరు. వెంకటేశ్వరరావు అన్న పేరు మొదటి వారంలోనే "రావ్" అయింది. గ్యారీ ఆయన సెక్షనుకి పెద్ద. ఏటా వసంతం రాగానే ఆఫీసులో తనకు నచ్చిన ముగ్గురు నలుగురిని వెంటేసుకుని, కొండలు దాటి బ్రిటిష్ కొలంబియా వైపు టర్కీల వేటకు వెళ్ళేవాడు. సోమవారం వాళ్ళు చెప్పుకునే కబుర్లలో నాన్నకు చోటుండేది కాదు. కాఫీ కప్పు పట్టుకుని అంచున నిలబడేవాడట. అలాంటిది ఓ ఏడాది ఆయన్నీ రమ్మన్నారు. ఆ సాయంత్రం నాన్న మెట్లు దిగిన చప్పుడు నాకింకా గుర్తే. బూట్లు విప్పకుండా లోపలికొచ్చి, "నన్ను పిలిచారు!" అన్నాడు.

"ఎక్కడికిరా?" అంది నాయనమ్మ.

"వేటకమ్మా. టర్కీల వేటకి."

"కోడిని కొయ్యమంటే కళ్ళు మూసుకునేవాడివి. నీకెందుకురా వేట?" అంది ఆవిడ చింతపండు గింజలు ఏరుతూ. నాన్న వినిపించుకోలేదు.

తుపాకి గ్యారీదే, అరువు. మిగతా సామాను కోసం నాన్న పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఆకుల రంగుల కోటు పాత బట్టల దుకాణంలో దొరికింది. ఆడ టర్కీ కూతను పుట్టించే చెక్కపెట్టె ఒకటి కొన్నాడు. దాని మూతకు సుద్దముక్క రాసి అంచు మీద రుద్దితే కీచుమని కూత వస్తుంది. రోజూ రాత్రి భోజనాలయ్యాక వాషింగ్ మెషీన్ పక్కన స్టూలేసుకుని సాధన చేసేవాడు. మొదట్లో తలుపు బందు కిర్రుమన్నట్టుండేది. పోనుపోను నిజంగా ఏదో పిట్ట ఇంట్లో దూరిందేమో అనిపించేంత బాగా వచ్చేసింది. నాయనమ్మ చెవుల్లో దూది పెట్టుకునేది. నేను మాత్రం ఎదురుగా కూర్చుని వినేదాన్ని. మా నాన్నకు ఏదో వచ్చు, వాళ్ళకు వచ్చినదే ఈయనకూ వచ్చు అన్న గర్వం నాది.

ఏం వేసుకోవాలని నాన్న గ్యారీనే అడిగాడు. తుపాకి లైసెన్సు కోసం వెళ్ళిన క్లాసులో ఆయన నేర్చుకున్నదల్లా జింకల వేటలో నారింజ రంగు వేసుకోవాలని, సాటి వేటగాళ్ళకు కనపడాలని. టర్కీల సంగతి ఎవరూ చెప్పలేదు. "కనపడేటట్టుండాలి రావ్, నువ్వెక్కడ తప్పిపోయావో మేం వెతుక్కోవాలి కదా," అని గ్యారీ ఒక టోపీ ఇచ్చాడు. ఎర్రటి టోపీ, ముందు తెల్ల పట్టీ, దాని మీద కంపెనీ గుర్తు. పక్కనున్నవాళ్ళు నవ్వారట. నాన్నా నవ్వాడట. ఆ టోపీ ఇంటికి తెచ్చి మాకు చూపించి, అద్దం ముందు పెట్టుకుని, అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు. బయల్దేరే రోజు తెల్లవారుజామున కొండల్లో ఇంకా చలిగా ఉంటుందని అమ్మ తను అల్లిన నీలం ఊలు మఫ్లరు తెచ్చి ఆయన మెడకు రెండు చుట్లు చుట్టింది.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఇంగ్లీషు ఫోన్లు తీసేది నేనే, అమ్మకు ధైర్యం చాలేది కాదు. అవతల గ్యారీ. "చిన్న యాక్సిడెంట్ అయింది, స్వీట్‌హార్ట్. డాడీ బాగానే ఉన్నాడు. అమ్మకు చెప్తావు కదూ?" అన్నాడు. చిన్న! నేను పన్నెండేళ్ళ దాన్ని. ఆ మాటను తెలుగులో పెట్టి అమ్మకు చెప్పాల్సింది నేను. "నాన్నకు చిన్న దెబ్బ తగిలిందట," అని చెప్పాను. ఆ "చిన్న" అన్న మాట నా నోటితో చెప్పించినందుకు ఆ మనిషిని నేను ఈ జన్మలో క్షమించను.

జరిగింది ఇది. గ్యారీ నాన్నను ఒక చెట్టు మొదట్లో కూర్చోబెట్టి, తను గట్టు అవతలికి వెళ్ళాడు. నాన్న చెక్కపెట్టె తీసి కూత మొదలుపెట్టాడు. వసంతంలో ఆడపిట్ట కూత వినపడితే మగపిట్ట దాన్ని వెతుక్కుంటూ వస్తుంది. కూత ఉన్నచోట మగటర్కీ ఉంటుందనుకుని గ్యారీ గట్టు దిగి వచ్చాడు. పొదల సందున ఎర్రగా, తెల్లగా ఏదో కదిలింది. కాల్చాడు. గుళ్ళు నాన్న ముఖంలో, మెడలో దిగాయి. అక్కడి చిన్న ఆసుపత్రి నుంచి పెద్ద ఆసుపత్రికి తెచ్చారు. కన్ను దక్కలేదు. చెంపలోంచి తీయలేని గుళ్ళు కొన్ని అక్కడే ఉండిపోయాయి, చర్మం కింద నల్లపూసల్లా ఇప్పటికీ కనిపిస్తాయి. "పిట్ట కోసం వెళ్ళి కన్నిచ్చి వచ్చాడు నా కొడుకు," అంది నాయనమ్మ. ఆ తర్వాత చాలా రోజులు బూట్ల చప్పుడు లేక ఆవిడకు వేళే తెలియలేదు.

అడవుల శాఖ ఆఫీసరొచ్చి మంచం పక్కన కూర్చుని అడిగాడు. తను కూర్చున్న చోటు నుంచి కదిలానని, తప్పు తనదేనని నాన్న చెప్పాడు. అంతటితో కేసు ముగిసింది.

నాన్న ఇంటికొచ్చాక ఒక శనివారం అమ్మ నన్ను లేపి, "పద, ఆ తూటా ఎలా ఉంటుందో నేను చూడాలి," అంది. చీర మీద ఆ పెద్ద కోటు, కాళ్ళకు మంచు బూట్లు. ఊళ్ళో తిరిగే రైలెక్కి, బస్సు మారి, ఊరికి దక్షిణాన ఉన్న తుపాకుల దుకాణానికి వెళ్ళాం. లోపల నూనె వాసన, తోలు వాసన. మమ్మల్ని చూసి అక్కడున్న మగవాళ్ళ మాటలాగిపోయాయి. కౌంటరు వెనక తెల్ల మీసాలాయన మర్యాదగానే పలకరించాడు. టర్కీల తూటాలు కావాలన్నాను. ఎవరికి అన్నాడు. మా నాన్నకు అన్నాను. అబద్ధమేముంది?

ఆయన నాలుగు, ఐదు, ఆరు నంబర్ల పెట్టెలు వరసగా పెట్టాడు. కోసి చూపించడానికి ఉంచిన తూటాలోంచి గుళ్ళు అమ్మ అరచేతిలో పోశాడు. అమ్మ వాటిని వేలితో దొర్లించింది. "ఆవగింజ కంటే పెద్దవి, మిరియం కంటే చిన్నవి," అని తనలో తను అనుకుంది. తర్వాత, "ఎంత దూరం నుంచి కాలుస్తారో అడుగు," అంది.

నలభై గజాలు దాటితే కాల్చకూడదన్నాడు ఆయన. టర్కీ తల బొమ్మ వేసిన కాగితం ఒకటి తీసి, దాని మీద గుళ్ళు పడిన చిల్లులు చూపించాడు. తుపాకి మూతికి బిగించే చోక్‌ను బట్టి గుళ్ళు గుంపుగా వెళ్తాయట. నడుమ పడితే పిట్ట అక్కడే పోతుంది, అంచు తగిలితే బతికినా బతుకుతుంది. అమ్మ ఆ అంచు చిల్లుల మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచింది.

"అంత దూరంలో మనిషి మొహం కనపడదా, అడుగు."

అడిగాను. "మొహమేంటమ్మా, మగటర్కీ రొమ్ము మీద వెంట్రుకల కుచ్చు ఉంటుంది, అది కనపడాలి. కనపడకుండా ట్రిగ్గరు మీద వేలు పెట్టకూడదు, అది చట్టం," అన్నాడు. తర్వాత నావైపు వంగి, "మీ నాన్నకు ఇది తప్పకుండా చెప్పు. ఎరుపు, తెలుపు, నీలం, ఈ మూడూ ఒంటి మీద ఉండకూడదు. సాక్సు కూడా వద్దు. మగటర్కీ తలకుండే రంగులు అవే. టర్కీ వేటకెళ్ళే ఎవరినైనా అడుగు, మొదట చెప్పే మాట ఇదే," అన్నాడు.

నేను అమ్మవైపు తిరిగాను. "ఎరుపు, తెలుపు వేసుకోకూడదట," అన్నాను.

అమ్మ గుళ్ళను మళ్ళీ తూటాలో పోసి, ఆయనకు దణ్ణం పెట్టి బయటికొచ్చింది. బస్సు స్టాపులో ఎదురుగాలికి కళ్ళు చికిలించుకుని నిలబడి, "బ్లూ కూడా అన్నాడు కదే వాణీ. నాకు రంగులు కూడా తెలియవనుకున్నావా?" అంది. ఆ తర్వాత ఆవిడ ఊలు ముట్టుకోలేదు. మొగుడి మెడకు చలి తగలకూడదనుకున్న చెయ్యి అది. గ్యారీ చేసిన పాపంలో దానికి కూడా వాటా దొరికింది.

ఆ రాత్రి బేస్‌మెంట్‌లో జరిగిన గొడవ నేను దుప్పటి కింద నుంచి విన్నాను. "అంత ఎర్రగా కనపడే ఆ టోపీ పెడితే పిట్ట బెదిరి దగ్గరికి రాదని వాడికి తెలుసండీ. మీకు పిట్ట దొరక్కూడదని, మిమ్మల్ని చూసి నవ్వాలని ఇచ్చాడు. దుకాణం ఆయనకు తెలిసిన సంగతి వాడికి తెలియదా? ఇచ్చిన టోపీని వాడే మర్చిపోయి కాల్చాడు. ఆఫీసరుకి చెప్పండి," అంది అమ్మ. "అయిపోయింది సరోజా. తమాషాకిచ్చాడు. నేనే కదిలాను," అన్నాడు నాన్న.

"కదిలారా?" అంది అమ్మ.

లైటు స్విచ్ నొక్కిన చప్పుడు వినపడింది.

తర్వాత ఏటా క్రిస్మస్ ముందు గ్యారీ గడ్డకట్టిన టర్కీ ఒకటి పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేవాడు. నాన్న వీపు తట్టి, "మై బడ్డీ," అనేవాడు. నాన్న పొంగిపోయి కాఫీ పెట్టమనేవాడు. అమ్మ ఒక్కసారీ పెట్టలేదు. ఆ టర్కీని ఒక్కసారీ వండలేదు. వాకిలి మంచులో వదిలేస్తే ఎదురింటివాళ్ళు తీసుకెళ్ళేవారు. రెండేళ్ళ కిందట అమ్మ పోయింది. చివరిదాకా ఆ మనిషి పేరు ఆవిడ నోటివెంట రాలేదు.

ఇదంతా ఆ సాయంత్రం డైనింగ్ టేబుల్ దగ్గర నిలబడి నా కొడుకుతో చెప్పాను. కోటు కూడా విప్పలేదు. టోపీ సంగతి, మఫ్లరు సంగతి, దుకాణం సంగతి. నా గొంతు నాకే వికారంగా వినిపించింది. నిఖిల్ చేతిలో తూటా అలాగే ఉండిపోయింది. వాడు ఇక్కడ పుట్టినవాడు. తుపాకుల దుకాణంలోకి పాత చెప్పులేసుకుని వెళ్తాడు, ఎవరి మాటా ఆగదు. వాడికి ఒకరి పిలుపంటే ఉత్త పిలుపే. వెళ్తే వెళ్తాడు, లేకపోతే లేదు. దాని కోసం బూట్లు విప్పడం మర్చిపోయిన మనిషి ఎలా ఉంటాడో వాడికి తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. కాలం మారిందని నలుగురూ అంటారు, నేనూ అనుకున్నాను. కానీ ఈమధ్యే మా వీధి చివరి స్టోరులో ఒక మేనేజరు, వరంగల్ నుంచి చదువుకోవడానికొచ్చిన కుర్రాడి పేరును నాలుగు వంకర్లు తిప్పి పలికి వెక్కిరించాడు. ఆ కుర్రాడు నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. అది మా బేస్‌మెంట్ అద్దంలో ఎర్ర టోపీ కింద చూశాను.

"తాతా," అన్నాడు నిఖిల్ మెల్లిగా. "డిడ్ యూ మూవ్? నువ్వు కదిలావా?"

నాన్న తూటాను పెట్టెలో పెట్టాడు. మూత వేశాడు.

"లేదు," అన్నాడు.

ముప్పై ఏళ్ళు! నేను కుర్చీ వీపు పట్టుకున్నాను. "మరెందుకు చెప్పావు నాన్నా? అమ్మ బతికుండగా ఒక్కసారైనా ఎందుకు అనలేదు ఆ మాట?"

"పిలిచారమ్మా నన్ను," అన్నాడు. "అంతమంది ఉన్న సెక్షన్లో మనవాళ్ళలో ఇంకెవర్నీ పిలవలేదు. నేరం మోపితే మళ్ళీ పిలుస్తారా?"

"మళ్ళీ పిలిచారా?"

నాన్న ఉన్న ఒక్క కన్నూ టేబుల్ మీదికి దించుకున్నాడు. "లేదు."

ఆయన్ను పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషిని, నన్ను కన్నవాణ్ణి. నాకు ఆయన మీద జాలి కలగలేదని చెప్పడానికి సిగ్గుపడను. కన్నిచ్చాడు, అబద్ధమిచ్చాడు, అమ్మకు ఆ బరువంతా ఇచ్చాడు. బదులుగా ఏడాదికొక గడ్డకట్టిన పిట్ట. అదీ చాలక ఇప్పుడు మనవణ్ణి కూడా అదే అడవికి, అదే మనిషి వెంట పంపిస్తున్నాడు, ఐదో నంబరు తూటాలు ఏరి మరీ.

"ఇంకోటుంది," అన్నాడు నాన్న. నాతో కాదు, నిఖిల్‌తో. "కింద పడి ఉన్నాను. కళ్ళలో నెత్తురు, ఏమీ కనపడ్డం లేదు. గ్యారీ పరిగెత్తుకొచ్చిన చప్పుడైంది. నా పక్కన ఆగాడు. మిగతావాళ్ళు ఏమైందని దూరం నుంచి అరుస్తున్నారు. వాళ్ళతో, 'ఇట్స్ ఓకే, ఇట్స్ ఓన్లీ రావ్' అన్నాడు."

నిఖిల్ లేచి కుర్చీ మీది చొక్కా తీసి మడతపెట్టి మళ్ళీ అక్కడే పెట్టాడు. ఏం చెయ్యాలో వాడికి తెలియలేదు.

"ఆ ఫోన్ ఇలా ఇవ్వరా," అన్నాడు నాన్న.

నిఖిల్ నంబరు కలిపి, స్పీకరు పెట్టి, ఆయన ముందుంచాడు. రెండుసార్లు మోగగానే గ్యారీ గొంతు గది నిండిపోయింది. ముసలితనం వచ్చినా హుషారు తగ్గలేదు. "రావ్! మై బడ్డీ! కుర్రాడు రెడీయేనా?"

"కుర్రాడు నీతో రావడం లేదు," అన్నాడు నాన్న ఇంగ్లీషులో.

"అదేంటి? ఏమైంది?"

నాన్న టేబుల్ అంచు పట్టుకుని ముందుకు వంగాడు. చెంపలోని ఆ నల్లపూసలు బిగుసుకున్నాయి. "నువ్వు నన్ను కాల్చావు గ్యారీ," అన్నాడు, ఒక్కో మాటా విడివిడిగా. "నువ్వు కూర్చోమన్న చోటే కూర్చున్నాను. నువ్విచ్చిన టోపీయే పెట్టుకున్నాను. నువ్వు కాల్చావు."

నేను ఫోన్ ఆపేద్దామని చెయ్యి చాపాను. నాన్న నా చెయ్యి పక్కకు తోసేశాడు. జవాబు కోసం అలాగే వంగి కూర్చున్నాడు.